ఆరున్నరకల్లా ఓడెక్కాలి!

క్రూయిజ్ అంటే మన ఫోన్లలో కనిపించేది ఒకటే సీను. డెక్ మీద రెయిలింగ్, గాలికి ఎగిరే జుట్టు, వెనకాల నీలం సముద్రం, బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో మెలొడీ. ఆ రీల్ చూసి, ‘ఎంతవుతుందో’ అని సెర్చ్ కొట్టి, రేటు చూసి ఫోను పక్కన పడేసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మేమూ రెండేళ్లపాటు ఆ బ్యాచే.

ఈ వారం ఆ రీల్‌లో కనపడని సంగతులు చెప్తాను. షిప్పు సంగతి ఎవరైనా చెప్తారు. దానికి ముందూ వెనకా ఉండే ఊళ్లు, మధ్యలో రోజుకో రేవులో దొరికే ఏడెనిమిది గంటలు... క్రూయిజ్‌లో అసలు కథంతా అక్కడే నడుస్తుంది. ఇద్దరు కలిసి వెళ్తే ఇంకానూ.

మాకు పెళ్లయి ఐదేళ్లు. మా ఆయనది పొద్దున 9 గంటల ఉద్యోగం. నాది అమెరికా క్లయింట్ల షిఫ్టు. నేను క్యాబ్ దిగే టైముకి ఆయన లంచ్ బాక్స్ సర్దుకుంటుంటాడు. వారంలో ఐదు రోజులు మా సంసారమంతా వాట్సాప్‌లోనే. ‘పాలు తెచ్చా’, ‘గ్యాస్ బుక్ చెయ్’, ‘అత్తయ్యకి ఫోన్ చెయ్’. ఓ ఆదివారం ఊరికే కూర్చుని లెక్కేస్తే, ఆ నెలలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నది ఆరుసార్లు.

కారు డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బు కొంత ఉంది. ‘కారు వచ్చే ఏడాదైనా కొనొచ్చు’ అన్నాడాయన. ‘ఆ డబ్బుతో నాలుగు గాజులైనా చేయించుకోవచ్చుగా’ అంది మా అమ్మ. అమ్మ మాట వినకుండా టికెట్లు బుక్ చేశాం. బార్సిలోనాలో ఎక్కి మార్సెయి, జెనోవా, నేపుల్స్, మెస్సీనా, వలెట్టా చూసి, ఒక రోజంతా సముద్రం మీద గడిపి, మళ్లీ బార్సిలోనాలో దిగే ఏడు రాత్రుల మెడిటరేనియన్ క్రూయిజ్.

ముందు వీసా, తర్వాతే సముద్రం

స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా... నాలుగు దేశాలైనా వీసా ఒకటే, షెంజెన్. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి అప్లై చెయ్యాలి. షిప్పుకి ముందు బార్సిలోనాలో మూడు రాత్రులు, తర్వాత మాడ్రిడ్‌లో రెండు రాత్రులు ఉన్నాయి కాబట్టి మాకు స్పెయిన్ వచ్చింది. పెద్దవాళ్లకి వీసా ఫీజు 90 యూరోలు, అప్లికేషన్ సెంటర్ చార్జీలు అదనం. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. సమ్మర్ ట్రిప్ అయితే ఆ ఆరు నెలల్ని పూర్తిగా వాడుకోండి, స్లాట్లు అంత తేలిగ్గా దొరకవు.

ఇంకో మాట. కొన్ని షిప్పులు దారిలో ట్యునీసియాకో, టర్కీకో వెళ్తాయి. అవి షెంజెన్ బయటి దేశాలు. అక్కడికి వెళ్లి తిరిగి రావాలంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. రూటు మ్యాప్ చూడకుండా ఆఫర్ మాత్రమే చూసి బుక్ చెయ్యొద్దు.

బార్సిలోనాలో మూడు రాత్రులు

షిప్పు బయల్దేరే రోజు పొద్దున్నే ఊళ్లో దిగేలా విమానం బుక్ చేసుకోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు. హైదరాబాద్ నుంచి మధ్యలో ఎక్కడో విమానం మారాలి. అక్కడ లేటైతే షిప్పు మనకోసం ఆగదు. అందుకే కనీసం ఒక రోజు ముందు చేరిపోండి. మేం మూడు రోజుల ముందు వెళ్లాం, ఆ ఊరు కూడా చూడాలి కదా అని.

సగ్రాద ఫమీలియా చర్చి కట్టడం మొదలైంది 1882లో. మరుసటి ఏడాది ఆంటోనీ గౌడీ బాధ్యత తీసుకున్నాడు. 1926లో ట్రామ్ గుద్ది చనిపోయేదాకా దానిమీదే ఉన్నాడు. ఆయన సమాధి కూడా ఆ చర్చి కిందే. మధ్య శిఖరం ఎత్తు 172.5 మీటర్లని లెక్కేసింది కూడా ఆయనే. పక్కనున్న మొంజుయిక్ కొండ కంటే కాస్త తక్కువ ఉండాలట. మనిషి కట్టింది దేవుడు కట్టినదాన్ని మించకూడదని. లోపల స్తంభాలు చెట్ల కాండాల్లా పైకి వెళ్లి కొమ్మల్లా విడిపోతాయి. సాయంత్రం ఎండకి పడమటి అద్దాల్లోంచి ఎర్రటి వెలుగు నేల మీద పడుతుంది. మా ఆయన పావుగంట ఫోను తియ్యలేదు. అదే నాకు పెద్ద వింత. టికెట్ ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్‌తో ముందే తీసుకోవాలి.

అదే ఊళ్లో గోడల మీద టూరిస్టులు వెళ్లిపొమ్మనే రాతలూ కనిపిస్తాయి. 2024 జులైలో నిరసనకారులు కేఫ్‌లలో కూర్చున్న టూరిస్టుల మీద వాటర్ గన్‌లతో నీళ్లు కొట్టిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. ఇళ్లన్నీ టూరిస్ట్ అద్దెలకు పోతుంటే ఊళ్లోవాళ్లకి అద్దె ఇళ్లు దొరకట్లేదు. షిప్పుల్లో వచ్చేవాళ్ల మీద ఆ కోపం ఇంకా ఎక్కువ. పొద్దున దిగి, వీధులు నింపేసి, రాత్రి భోజనానికి షిప్పుకి వెళ్లిపోతారని. 2025లో బార్సిలోనా నగరపాలక సంస్థ, పోర్టు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఏడు క్రూయిజ్ టెర్మినల్స్‌ని 2030 నాటికి ఐదుకి తగ్గిస్తారు.

మూడు రాత్రులు ఊళ్లో హోటల్లో పడుకుని, వీధి చివర బేకరీలో రొట్టె కొనుక్కుని, మెట్రోలో నిలబడి తిరిగాం. దాంతో ఊళ్లోవాళ్ల ఇంటి అద్దె తగ్గిపోతుందని కాదుగానీ, రెండో రోజుకే ఆ బేకరీ పెద్దావిడ మమ్మల్ని చూడగానే రెండు రొట్టెలు తీసి కవర్లో పెట్టేసింది.

తేలే ఊరు

షిప్పు దగ్గరికెళ్లి తల పైకెత్తితే అది ఓడలా అనిపించదు. మన గచ్చిబౌలిలో గేటెడ్ కమ్యూనిటీ ఒకటి నీళ్లలో పెట్టినట్టుంటుంది. చెకిన్ అవగానే ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, పర్సు అదే, షిప్పు దిగినా ఎక్కినా స్కాన్ చేసేదీ అదే. ఎవరు లోపలున్నారో ఎవరు బయటున్నారో వాళ్లకి క్షణంలో తెలిసిపోతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎక్కగానే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. ప్రమాదం వస్తే ఎక్కడ కలవాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. చాలామంది విసుక్కుంటారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే రూలు మారింది. ఇప్పుడు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ చేయించాల్సిందే. పది నిమిషాల పని, శ్రద్ధగా వినండి.

మేం తీసుకున్నది కిటికీ లేని లోపలి గది. అన్నిటికంటే చవక. లైటు ఆపితే పగలో రాత్రో తెలీదు. పగలు పడుకునే నాకు అది స్వర్గం. టికెట్ ధరలో గది, భోజనాలు, షోలు ఉంటాయి. కానీ మనిషికి రోజుకింత అని సర్వీస్ చార్జీ చివర్లో బిల్లులో కలుస్తుంది. వైఫై, కూల్‌డ్రింకులు, చాలా షిప్పుల్లో డిన్నర్ టేబుల్ మీద నీళ్ల సీసా కూడా విడిగా డబ్బులే. ఇంకో పెద్ద బొక్క ఏంటంటే ఫోను. సముద్రం మధ్యలో మన ఫోను షిప్పులోని శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది. యూరప్ రోమింగ్ ప్యాక్ దానికి పనిచెయ్యదు. రేవు దాటగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టెయ్యండి.

ఓడ వేగం 20 నాట్లు అనుకుంటే గంటకి 37 కిలోమీటర్లు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో స్కూటీ స్పీడు. కానీ అది రాత్రంతా ఆగకుండా వెళ్తుంది, మనం పడుకుంటాం, పొద్దున లేచేసరికి ఇంకో దేశం. వంట లేదు, అంట్లు లేవు, ‘రేపేం టిఫిన్’ అన్న ప్రశ్న లేదు. ఐదేళ్లలో మొదటిసారి ఇద్దరం వరుసగా ఏడు రాత్రులు ఒకే టేబుల్ దగ్గర, ఒకే టైముకి భోంచేశాం. మొదటి రాత్రి పది నిమిషాలకే మాటలైపోయాయి. పాలు, గ్యాసు, అత్తయ్య తప్ప మాకు వేరే టాపిక్కే లేదని అప్పుడు తెలిసింది. పక్క టేబుల్ వాళ్లని చూస్తూ సూపు తాగాం.

మొక్కుల పడవలు, శనగపిండి రొట్టె

మార్సెయిలో క్రూయిజ్ టెర్మినల్ ఊరికి దూరంగా ఉంటుంది, బస్సులో పాత రేవుకి వెళ్లాలి. సుమారు 2600 ఏళ్ల కిందట గ్రీకులు వచ్చి స్థిరపడిన ఊరది. కొండ మీద నోత్రదామ్ ద లా గార్ద్ అనే చర్చి ఉంది. గోపురం మీద బంగారు పూత పూసిన మేరీమాత. ఊళ్లోవాళ్లు ఆమెని ‘మంచి అమ్మ’ అని పిలుచుకుంటారు. లోపలికెళ్లి తలెత్తితే కప్పు నుంచి దారాలకి చిన్న చిన్న పడవ బొమ్మలు వేలాడుతుంటాయి. తుపాన్ల నుంచి బతికొచ్చిన నావికులు, వాళ్ల కుటుంబాలు ఇచ్చిన మొక్కులవి. గోడల నిండా కృతజ్ఞతలు చెక్కిన పలకలు. మన ఊళ్లలో ఊయల కట్టడం, వెండి కళ్లు సమర్పించడం చూసినవాళ్లకి అది కొత్త కాదు. ఒడ్డున ఎదురుచూసేవాళ్ల భయం ఎక్కడైనా ఒకటే.

జెనోవాలో అయితే ఓడ దిగి నడిస్తే చాలు, పాత ఊరు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తప్పుకోవాల్సినంత సన్నటి సందులు. అక్కడ ‘ఫారినాతా’ అనేది తప్పకుండా తినండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి, పెద్ద రాగి పళ్లెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన. మా ఆయన జేబులోంచి కందిపొడి ప్యాకెట్ తీసి చల్లాడు. కొట్టతను వింతగా చూసి, చెయ్యి చాపి, కొంచెం నాలిక మీద వేసుకుని, తలూపాడు. ఆ తలూపుకి అర్థం నాకిప్పటికీ తెలీదు.

ఆ సాయంత్రమే గొడవైంది. ఆయనకి లిస్టు ఉంది. లైట్‌హౌస్, అక్వేరియం, పాత రాజభవనాల వీధి, చర్చి... అన్నిటికీ టిక్ పడాలి. నాకు ఏదో ఒక అరుగు మీద కూర్చుని మనుషుల్ని చూడాలని ఉంటుంది. ఫోను 18 వేల అడుగులు చూపిస్తోంది, నా మోకాళ్లు అంతకంటే ఎక్కువే చెబుతున్నాయి. మర్నాడు నేపుల్స్. ఆయనకి పాంపే చూడాలని స్కూలు రోజుల నుంచీ ఉంది.

‘నువ్వు వెళ్లు, నేను ఊళ్లోనే ఉంటా’ అన్నాను. అనేశాక నాకే బాధనిపించింది. ‘ఇద్దరం కలిసి ఉండటానికేగా ఇంత డబ్బు పెట్టింది?’

‘కలిసి తిరిగి, సాయంత్రానికి మొహాలు ముడుచుకోవడం కంటే నయం కదా’ అన్నాడు.

నేపుల్స్‌లో 6:26

పొద్దున 10 గంటలకి పోర్టు గేటు దగ్గర విడిపోయాం. ఓడ 7 గంటలకి కదులుతుంది, అందరూ 6:30 కల్లా ఎక్కాలి. ఇక్కడో విషయం. షిప్పు వాళ్లే నడిపే టూర్లో వెళ్తే, ఆ బస్సు లేటైనా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు. సొంతంగా వెళ్తే సగం ఖర్చు కూడా అవ్వదు. అందుకే మాలాంటివాళ్లు సొంతంగానే వెళ్తారు.

నా రోజు హాయిగా గడిచింది. సాన్ గ్రెగోరియో ఆర్మెనో అనే సన్నటి వీధంతా బొమ్మల కొట్లే. క్రిస్మస్ పశువుల పాక కోసం చేసే మట్టి బొమ్మలు. దేవుడి పక్కనే పిజ్జా చేసేవాడు, చేపలమ్మే ఆవిడ, ఫుట్‌బాల్ ఆటగాళ్లు కూడా ఉంటారు. అచ్చం మన బొమ్మల కొలువులో రాముడి పట్టాభిషేకం పక్కన క్రికెట్ టీము పెట్టినట్టు. తర్వాత ఒక కాఫీ కొట్లో కూర్చున్నా. నేపుల్స్‌లో ఒక పాత ఆచారం ఉంది. ఒక కాఫీ తాగి రెండిటికి డబ్బులిచ్చి వెళ్తారు. ఆ రెండోది, తర్వాత ఎవరైనా డబ్బుల్లేనివాళ్లు వచ్చి అడిగితే ఇస్తారు. ఎవరిచ్చారో తాగేవాళ్లకి తెలీదు, ఎవరు తాగారో ఇచ్చేవాళ్లకి తెలీదు. నేనూ ఒకటి కట్టి వచ్చా.

5:30కి గేటు దగ్గరికొచ్చా. ఆయన లేడు. మెసేజ్ పెట్టా, ఒకటే టిక్. కాల్ చేస్తే స్విచ్డ్ ఆఫ్. 5:50కి ఎండలో నిలబడి చెమటలు పట్టాయి. 6:10కి ఓడ దగ్గరికెళ్లి మెట్ల దగ్గరున్న సిబ్బందిని అడిగా. కార్డు నంబరు చూసి ‘ఇంకా ఎక్కలేదు మేడమ్’ అన్నాడు. గుండె జారిపోయింది. 6:20కి ఇంకో ఆఫీసర్ వచ్చి నెమ్మదిగా చెప్పాడు. ‘మీరు ఎక్కండి. ఆయన రాకపోతే ఆయన పాస్‌పోర్టు ఇక్కడ పోర్టు ఏజెంటుకి ఇచ్చి వెళ్తాం. రేపు మెస్సీనాకి వచ్చి కలుస్తారు.’ అదే పద్ధతట. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు ఇలా మిగిలిపోతుంటారట.

ఎక్కితే సామాను, గది, రెండు పాస్‌పోర్టులు నా చేతిలో ఉంటాయి. అది తెలివైన పని. ఎక్కకపోతే ఇద్దరం పరాయి ఊళ్లో చేతిసంచులతో. అది తెలివితక్కువ. నాకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, కాళ్లు మాత్రం కదల్లేదు. పైన డెక్ మీద జనం కెమెరాలు పట్టుకుని ఉన్నారు. ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొచ్చేవాళ్లని వీడియో తియ్యడం వాళ్లకో సరదా.

6:26కి గేటు వైపు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. పైనుంచి చప్పట్లు, ఈలలు. ఆ వీడియో ఇప్పటికీ ఎవరి ఫోన్లోనో ఉండే ఉంటుంది.

జరిగింది ఇదీ. పాంపే అంటే నాలుగు గోడలు అనుకున్నాడట. అది 66 హెక్టార్ల ఊరు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ పేలి బూడిదలో కప్పేసిన ఊరు. బండి చక్రాల గాళ్లు పడ్డ రాతి వీధులు, వాన నీళ్లలో తడవకుండా దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు, వీధి పక్కన వేడి వేడి తిండి అమ్మిన కొట్ల గట్లు. ఫోటోలు తీసీ తీసీ ఫోను చచ్చిపోయింది. మ్యాప్ లేదు. వీధులన్నీ ఒకేలా ఉన్నాయి. స్టేషన్ దగ్గరి గేటు అనుకుని అవతలి చివరున్న గేటు నుంచి బయటికొచ్చాడు. తిరిగొచ్చేసరికి రైలు వెళ్లిపోయింది. తర్వాతి రైలు అరగంటకి.

డిన్నర్‌లో పాయసం లాంటిదేదో వచ్చేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

‘నువ్వు ఎక్కెయ్యాల్సింది’ అన్నాడు.

‘ఎక్కి?’

‘ఎక్కేసుంటే బావుణ్ననీ, ఎక్కకుండా ఉంటే బావుణ్ననీ... రెండూ అనుకుంటూ పరిగెత్తా.’ కాసేపు ఆగి, స్పూను పక్కన పెట్టి అన్నాడు. ‘ఇంట్లో నీ క్యాబ్ అరగంట లేటైతే నేనూ బాల్కనీలో ఇలాగే నిలబడతా. నువ్వొస్తుంటే చూసి లోపలికెళ్లి లంచ్ బాక్స్ సర్దుకుంటున్నట్టు నటిస్తా. నీకెప్పుడూ చెప్పలేదు.’

ఐదేళ్లు. ఒక్కరోజు కూడా చెప్పలేదు. ఆ రాత్రి రెస్టారెంటు కుర్చీలు ఎత్తి పెట్టేదాకా కూర్చున్నాం. టాపిక్కుల కరువు ఆ రోజుతో తీరింది.

సింహం అరిచే గంట, గోదావరి కుర్రాడు

మెస్సీనాలో ఓడ దిగి పది నిమిషాలు నడిస్తే పెద్ద చర్చి. 1908 డిసెంబరు 28న వచ్చిన భూకంపంలో ఊరు దాదాపు నేలమట్టమైంది, మళ్లీ కట్టుకున్నారు. చర్చి గంట స్తంభం మీద 1933లో పెట్టిన యంత్రపు గడియారం ఉంది. మిట్టమధ్యాహ్నం 12 కొట్టగానే పైనున్న సింహం బొమ్మ గర్జిస్తుంది, కోడి కూస్తుంది, బొమ్మలు ఒక్కొక్కటీ కదులుతాయి. అది చూసి పక్కనే బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. మా ఆయన లిస్టు జేబులోంచి తియ్యలేదు. నేనే అడిగి తీయించి, ఒకటి ఎంచుకుని కలిసి వెళ్లాం. అప్పటి నుంచీ అదే మా రూలు. రేవుకి ఒకటి చూడటం, ఒకటి కూర్చోవడం.

మాల్టా రాజధాని వలెట్టాలోకి ఓడ వస్తుంటే నిద్ర మానుకునైనా డెక్ మీదికెళ్లండి. రెండు వైపులా తేనె రంగు రాతి కోటలు, మధ్యలోంచి మన గేటెడ్ కమ్యూనిటీ మెల్లగా జారుతుంది. 1565 యుద్ధం తర్వాత, 1566లో పునాది వేసిన ఊరది. ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. రేవు నుంచి 58 మీటర్ల లిఫ్ట్ ఎక్కితే తోటలో తేలతాం. అక్కడ మధ్యాహ్నం 12కీ, సాయంత్రం 4కీ ఫిరంగి పేలుస్తారు.

బస్టాండ్ దగ్గర ‘అక్కా, మీరు తెలుగేనా?’ అని వినపడింది. తిరిగి చూస్తే ఫుడ్ డెలివరీ బ్యాగుతో ఒక కుర్రాడు. పశ్చిమ గోదావరి. ఈ చిన్న ద్వీపంలో డెలివరీ, నర్సింగ్, డ్రైవింగ్ పనుల్లో మనదేశం వాళ్లు చాలామందే ఉన్నారు. పస్తీత్సీ అని, లోపల బఠాణీ ముద్ద పెట్టిన పొరల కజ్జికాయ లాంటిది కొనబోతే మా చెయ్యి పట్టుకుని ఆపాడు. ‘ఊరోళ్లొస్తే నేనివ్వాలి గానీ మీరు తియ్యడమేంటి’ అని తనే డబ్బులిచ్చాడు. రోజూ చూస్తావుగా, ఎప్పుడైనా ఈ షిప్పులు ఎక్కావా అని అడిగాడు మా ఆయన. ‘లేదన్నా. పొద్దున వస్తయ్, సాయంత్రం పోతయ్. ఎవరి మొహమూ గుర్తుండేంతసేపు ఎవరూ ఉండరు’ అన్నాడు నవ్వుతూ. బార్సిలోనా గోడల మీది రాతల కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

తరలివచ్చిన గుడి

ఏడో పొద్దున బార్సిలోనాలో దిగి, రైల్లో మాడ్రిడ్‌కి వెళ్లాం. ఆరు వందల కిలోమీటర్లు, సుమారు మూడు గంటలు. వారంపాటు స్కూటీ స్పీడులో తిరిగినవాళ్లకి గంటకి 300 కిలోమీటర్లు కళ్లు తిప్పేస్తుంది. షిప్పు దిగిన రోజే విమానం ఎక్కకుండా రెండు రాత్రులు ఉంచుకోవడం మంచిదైంది. ప్రాదో మ్యూజియంలో సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు ఉచితం. క్యూ పెద్దదే, కానీ కదులుతుంది.

ఆఖరి సాయంత్రం దెబోద్ గుడికి వెళ్లాం. ఈజిప్టు గుడి, సుమారు 2200 ఏళ్లనాటిది. ఆస్వాన్ ఆనకట్టతో మునిగిపోతుంటే విప్పి, నూబియా కట్టడాల్ని కాపాడటానికి సాయం చేసినందుకు 1968లో ఈజిప్టు స్పెయిన్‌కి ఇచ్చింది. రాయి రాయీ తెచ్చి మాడ్రిడ్ గుట్ట మీద మళ్లీ పేర్చారు, 1972 నుంచి అక్కడే ఉంది. నాగార్జునసాగర్ నీళ్లలో మునగకుండా నాగార్జునకొండ కట్టడాల్ని పైకి తెచ్చి పెట్టిన సంగతి మనకి తెలుసు కదా. ఆ రాళ్లని చూస్తే సొంతవాళ్లని చూసినట్టనిపించింది. చుట్టూ జంటలు, పిల్లలు, గిటారు వాయించేవాళ్లు. సూర్యుడు దిగిపోయేదాకా ఇద్దరం లేవలేదు. ఎక్కడికీ ఆరున్నరకల్లా చేరాల్సిన పని లేదు ఆ రోజు.

మీరు వెళ్తే

షిప్పు మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి ఊళ్ల మీద పెట్టండి. బాల్కనీ గది బదులు లోపలి గది తీసుకుంటే, ఆ తేడాతో ముందూ వెనకా రెండు మూడు రాత్రులు వస్తాయి. ప్రతి రేవులోనూ ఓడ టైము కాగితం మీద రాసి, పోర్టు ఏజెంటు నంబరుతో సహా పర్సులో పెట్టుకోండి. ఆ నంబరు రోజూ గదికొచ్చే ప్రోగ్రామ్ కాగితం మీదే ఉంటుంది. పవర్ బ్యాంక్ ఇద్దరికీ వేర్వేరుగా ఉండాలి, ఈ ఒక్కటీ నా మాట విని కొనండి. ఓడ టైముకి రెండు గంటల ముందే రేవు ఉన్న ఊళ్లోకి తిరిగొచ్చెయ్యండి. ఒక రోజు విడివిడిగా తిరగాలనిపిస్తే తిరగండి, తప్పేం లేదు. ఎక్కడ, ఎన్నింటికి కలవాలో మాత్రం విడిపోయే ముందే అనుకోండి.

వచ్చాక ఆఫీసులో షిఫ్టు మార్చమని మెయిల్ పెట్టా. వారంలో రెండు రోజులైనా పగలు ఇవ్వమని. ‘చూస్తాం’ అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. కారు వచ్చే ఏడాదికి కూడా కష్టమే. ఈలోగా ఒక పని చేస్తున్నాం. నా క్యాబ్ లేటైతే దారిలోంచే మెసేజ్ పెడుతున్నా. ఆయన బాల్కనీలోనే ఉంటున్నాడు, లంచ్ బాక్స్ నాటకం మానేశాడు.